బొగ్గుల బూడిద

కనిగిరిలో, పామూరు రోడ్డు మీద నా ఇస్త్రీ బండి.
బండి వెనక ఇల్లు, ఇంటి వెనక సెంటున్నర దొడ్డి,
దొడ్డిలో నాలుగేళ్ళ నిమ్మచెట్టు.
కాయ మాట అటుంచు,
ముల్లన్నా సరిగ్గా ముదరని చెట్టు.

లేతాకులన్నీ పసుపు.
ఈనెలు మాత్రం పచ్చగా,
బక్కచేతి మీద నరాలు తేలినట్టు.
"జబ్బు కాదక్కా, ఆకలి" అన్నాడు
ఎరువుల కొట్టు ఖాజావలి.
"మట్టిలో ఇనుముంది.
చౌడు దాన్ని గుప్పిట్లో బిగబట్టింది."

ఏడు కిలోల ఇనప్పెట్టె
పొద్దస్తమానం తిప్పేదాన్ని.
నా చెట్టుకి చిటికెడు ఇనుము చిక్కలేదంట!

గుప్పెడు మట్టి అరుగు మీద పోయించి
సగం నిమ్మకాయ పిండాడు.
బుసబుసమంది.
గట్టిగా కాదు, అత్తకి వినపడకుండా
కోడలు గొణుక్కున్నట్టు.
"సున్నమున్న మట్టి. మొండిది" అన్నాడు.

పది రోజులకి పరీక్ష కాయితం వచ్చింది.
ఎనిమిది పాయింట్ తొమ్మిది.
ఏడు దగ్గరుంటే నిమ్మకి సుఖం.
ఒక్క అంకె పెరిగితే పదింతలంట,
వారం వడ్డీ కూడా అట్టా పెరగదు.

మా జేజి మాలకొండమ్మ ఉంటే నవ్వేది.
తెల్లారకముందే బీట్లోకి పోయి
నేల మీద పూసిన తెల్లటి చౌడు
చీపురుతో ఊడ్చి, గంపకెత్తి,
బానలో కలిపి, ఊరి గుడ్డలు ఉడకేసింది.
సబ్బుబిళ్ళ కొనలేని కాలంలో
ఆ చౌడే మాకు కూడు.
అన్నం కలుపుతుంటే
పులుసు తగిలి చెయ్యి వెనక్కి లాక్కునేది.
చౌడు వేళ్ళను తింటుందని
మా ఇంట్లో ముందే తెలుసు.
మనిషివైనా, చెట్టువైనా.

ఊళ్ళో అందరూ వైద్యులే.
"పుల్లమజ్జిగ పొయ్యి" అంది ఎదురింటామె.
టీ బంకు పెంచలయ్య
పిప్పి మూటగట్టి ఇచ్చాడు, వద్దన్నా.
ఖాజావలి మాత్రం గంధకం తూచాడు.

"ఇది చల్లగానే పులవదక్కా.
కంటికానని పురుగులు తిని పులియబెట్టాల.
వాటికి తడి కావాల, వెచ్చన కావాల,
నెలలు కావాల."

పొద్దున ఇచ్చిన చొక్కా
సాయంత్రానికి మడతపెట్టి ఇచ్చేదాన్ని,
నెలల లెక్క నాకేం తెలుసు?

మొదలుకి ఆనకుండా చుట్టూ చల్లి
నాలుగు వేళ్ళ లోతున కలిపాను.
జీలుగ చల్లి, పూత రాకముందే తొక్కేశాను.
బోరునీళ్ళు మానుకున్నాను.
బిందె అడుగున ఆ నీళ్ళు కట్టే తెలుపు
ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నా గదా!
వానొస్తే రేకు కింద ఉన్న గిన్నెలన్నీ పెట్టాను.
వానే రాలేదు చాలా రోజులు.

ఒక మాపటేళ ఖాజావలి వచ్చేసరికి
నేను పెట్టె దులుపుతున్నా, చెట్టు మొదట్లో.
"ఏందక్కా అది?"
"బొగ్గుల బూడిద. చెట్టుకి బలం గదా."
అతను కాసేపు మాట్లాడలేదు.
"ఎన్నాళ్ళ నించి?"
"నాటిన కాడి నించి."
"అదీ చౌడేనక్కా."

ఆ రాత్రి లెక్కేసుకున్నా.
ఆదివారాలు తీసేసినా
పన్నెండొందల పెట్టెలు.
ఊరి మడతలన్నీ నలగ్గొట్టిన నిప్పు
చల్లారాక, ఒడి నిండా తెచ్చి,
బిడ్డకి పెట్టినట్టు పెట్టాను.

ఇప్పుడు బూడిద అంట్లకి పోతోంది.
ఏడాదికి ఇంకో కాయితం వచ్చింది,
ఎనిమిది పాయింట్ ఆరు.
"మంచిదే" అన్నాడు ఖాజావలి,
నా మొహం చూసి ఇంకోసారి అన్నాడు.

కాయ ఎప్పుడని అడగబాకండి.
మొన్న కొసన రెండాకులు వచ్చాయి,
ఈనె ఏదో ఆకు ఏదో తెలియనంత పచ్చగా.
ఒకటి తుంచి, నలిపి, వాసన చూశాను.
రెండోది ఉంచాను.